ఓడినవాళ్ల కుర్చీ

నా సొరుగులో ఒక చెక్క బంతి ఉండేది. అడ్డంగా కొలిస్తే సరిగ్గా 100 మిల్లీమీటర్లు. ఏళ్ల తరబడి చేతులు మారి నున్నబడి, రంగు నల్లబడింది. సైట్‌కి బయల్దేరేటప్పుడు టేపు, స్పిరిట్ లెవెల్, టార్చిలైటు, చెమ్మ కొలిచే మీటరుతో పాటు దాన్నీ సంచిలో వేసుకునేవాణ్ని. బాల్కనీ రెయిలింగ్ కమ్మీల మధ్య నుంచి ఆ బంతి అవతలికి వెళ్లిందంటే ఆ రెయిలింగ్ పనికిరాదన్నమాట. చాలా దేశాల నిబంధనల్లో లెక్క ఇదే. నడక నేర్చే పిల్లలు కమ్మీల మధ్య దూరితే ముందు ఒళ్లు వెళ్లిపోతుంది, తల ఇరుక్కుంటుంది. సందు ఇంకాస్త పెద్దదైతే బిడ్డే జారి కింద పడుతుంది. అమెరికా కోడుల్లో ఒకప్పుడు 6 అంగుళాల సందుని ఒప్పుకునేవారు, తర్వాత 4 అంగుళాలకి తగ్గించారు. ఆ రెండంగుళాలు ఊరికే తగ్గలేదు.

"పది మిల్లీమీటర్ల తేడాకి మొత్తం రెయిలింగ్ తీసేయమంటారా?" అని అడిగినవాళ్లు ఎంతమందో. కొత్తలో నేను రూల్ నంబరు చెప్పేవాణ్ని. తర్వాత తర్వాత మాట్లాడడం మానేసి బంతి వాళ్ల చేతికే ఇచ్చేవాణ్ని. "మీరే పెట్టి చూడండి" అనేవాణ్ని. బంతి సందులోంచి అవతలికి జారి కింద పడిన చప్పుడు విన్నాక చాలామంది ఇంకో మాట అనేవాళ్లు కాదు.

బిల్డింగ్ రూల్స్ మీద వచ్చే వివాదాల్ని తేల్చే ప్రభుత్వ విభాగంలో సీనియర్ స్పెషలిస్టుగా నా ఉద్యోగ జీవితంలో ఎక్కువ భాగం గడిచింది. చెబితే "అంటే కోర్టా?" అని అడిగేవారు. కోర్టు కాదు. ప్లాను మంజూరు చేసే స్థానిక ఆఫీసు ఒకవైపు, ఇల్లు కట్టుకున్నవాళ్లో, బిల్డరో, పక్కింటివాళ్లో ఇంకోవైపు. పర్మిషన్ ఇవ్వలేదనో, ఇవ్వకూడనిది ఇచ్చారనో, పని పూర్తయ్యాక సర్టిఫికెట్ ఆపేశారనో గొడవ. ఇద్దరూ రాసినవి ఇద్దరికీ చూపించాలి. ఒకరికి తెలియకుండా ఇంకొకరి కాగితం మా ఫైల్లో ఉండకూడదు. సైట్ చూడాలి, అవసరమైతే బయటి నిపుణుణ్ని పంపాలి. డ్రాఫ్ట్ తయారుచేసి ఇద్దరికీ పంపి, వాళ్లేమంటారో విని, అప్పుడు ఉత్తర్వు ఇవ్వాలి. నచ్చనివాళ్లు కోర్టుకి అప్పీలుకి వెళ్లొచ్చు. న్యూజిలాండ్‌లో 2004 నాటి బిల్డింగ్ చట్టం కింద ఇలాంటి నిర్ణయాన్ని డిటర్మినేషన్ అంటారు. కారణాలతో సహా అందరూ చదువుకునేలా వాటిని బయటపెడతారు. నేను ఈ పని సగం నేర్చుకున్నది అలాంటి నిర్ణయాల్ని రాత్రిళ్లు కూర్చుని చదివే.

మిగతా సగం మా మేడమ్ దగ్గర నేర్చుకున్నాను. నేను చేరేనాటికే ఆవిడ ఆ విభాగంలో చాలా ఏళ్లుగా ఉన్నారు. చేరిన మొదటి వారం నాకు ఫైలేమీ ఇవ్వలేదు. ఒక మధ్యాహ్నం పిలిచి లండన్ అగ్నిప్రమాదం గురించి చెప్పారు. 1666లో ఆ నగరంలో 13,000కి పైగా ఇళ్లు కాలి బూడిదయ్యాయి. ఆ తర్వాత ఇళ్లు ఇటుకతోనో రాతితోనో కట్టాలని చట్టం వచ్చిందన్నది నాకు ఇంజనీరింగ్ చదివే రోజుల నుంచే తెలుసు. ఆవిడ చెప్పింది అది కాదు. కాలిపోయిన ఇంట్లో అద్దెకున్నవాడి లీజులో, మరమ్మతు బాధ్యత అద్దెదారుడిదేనని రాసుంది. ఇల్లు లేదు, అద్దె మాత్రం కట్టాలి, పైగా మళ్లీ కట్టించాలి కూడా. యజమాని వదలడు, అద్దెదారుడి దగ్గర డబ్బు లేదు, నగరం లేవదు. అందుకని ప్రత్యేకంగా ఒక కోర్టు పెట్టారు. ఫైర్ కోర్ట్ అనేవారు దాన్ని. అందులో కూర్చున్న న్యాయమూర్తులు ఆ పనికి జీతం తీసుకోలేదు. ఎవరు కట్టగలరో, ఎవరు ఎంత భరించగలరో చూసి అద్దె తగ్గించారు, లీజు పొడిగించారు, అవసరమైతే ఒప్పందాన్నే మార్చి రాశారు. తర్వాత నగరం వాళ్ల చిత్రపటాలు గీయించి గిల్డ్‌హాల్ అనే తన సభాభవనంలో పెట్టుకుంది.

"రూలు ఎవరైనా రాస్తారండీ. ఆ రూలు వల్ల ఇద్దరికి గొడవొస్తే మధ్యలో కూర్చునేవాళ్లు లేకపోతే ఒక్క గోడా లేవదు" అన్నారు మేడమ్. అప్పటిదాకా నేను చేయబోయేది ఆఫీసు గుమాస్తా పని అనుకున్నాను. ఆ మధ్యాహ్నంతో ఆ ఆలోచన పోయింది.

మేడమ్ గదిలో ఆవిడ బల్లకి ఎదురుగా రెండు కుర్చీలుండేవి. డ్రాఫ్ట్ పూర్తయ్యాక ఆవిడ తన కుర్చీలోంచి లేచి, ఇటువైపు కుర్చీలో కూర్చుని చదివేవారు. ఎందుకని అడిగితే, "ఇది ఓడినవాళ్ల కుర్చీ. గెలిచినవాళ్లు ఎలాగూ ఆఖరి పేజీ చూసి మడిచి లోపల పెట్టేస్తారు. మొదటి నుంచి చివరి దాకా చదివేది ఓడినవాళ్లే. వాళ్ల కోసం రాయాలి" అన్నారు. నా మొదటి డ్రాఫ్ట్‌ని ఆ కుర్చీలో కూర్చుని చదివి, నాలుగో పేజీ దగ్గర ఆగి, "ఇక్కడ నన్ను ఎందుకు కాదన్నారో నాకు అర్థం కాలేదు" అన్నారు. తిరిగి రాశాను. అలా ఐదుసార్లు.

ఎన్ని వివాదాలు చూసినా మెట్ల కేసొకటి మాత్రం నిన్న జరిగినట్టు గుర్తుంది.

ఒక పెద్దాయన తన ఇల్లు తనే దగ్గరుండి, చాలా భాగం తన చేతుల్తోనే కట్టుకున్నారు. అంతా బాగుంది. కానీ మేడ మీదికి వెళ్లే మెట్లలో కింది నుంచి మూడోది మిగతా వాటికంటే 22 మిల్లీమీటర్లు ఎత్తు. నేల మీద టైల్స్ మందం లెక్క తప్పి, ఎక్కడో సర్దబోయి అక్కడ సర్దారు. స్థానిక ఆఫీసు పూర్తి సర్టిఫికెట్ ఆపేసింది. ఆయన మాకు రాసిన అర్జీ పదకొండు పేజీలు. కోపం అక్షరాల్లోనే కనిపించింది. పెన్ను కాగితాన్ని చింపేలా నొక్కి రాశారు.

మెట్ల శాస్త్రం చాలా పాతది. 17వ శతాబ్దంలో ఫ్రాన్స్‌కి చెందిన ఫ్రాంస్వా బ్లోండెల్ అనే ఆయన, రెండు మెట్ల ఎత్తు, ఒక మెట్టు వెడల్పు కలిపితే మనిషి వేసే ఒక అంగ అవ్వాలని సూత్రం చెప్పాడు. ఇప్పటికీ చాలా నిబంధనలు దాని చుట్టూనే తిరుగుతాయి, సుమారు 600 నుంచి 650 మిల్లీమీటర్లు. కానీ ఎత్తు ఎంతుండాలన్నదానికంటే, అన్ని మెట్లూ ఒక్కలా ఉండడం ముఖ్యం. మనం మొదటి ఒకటి రెండు మెట్లే చూసి దిగుతాం. తర్వాత కళ్లు ఎక్కడో ఉంటాయి, కాలు లెక్కపెట్టుకుంటూ పోతుంది. ఆ లెక్క ఒక్కచోట తప్పితే చాలు.

ఆయనకి ఇదంతా చెప్పాలని మనసులో సిద్ధం చేసుకుని వెళ్లాను. ఆయన తలుపు తీసి పలకరించలేదు. "చూసుకోండి సార్, మీ టేపులూ మీరూ" అని పక్కకి తప్పుకున్నారు. కొలిచాను. 22 మిల్లీమీటర్లు నిజమే. ఆయన తప్పు కాదని చెప్పడానికి కొలతలో ఏమైనా పొరపాటుందేమోనని మళ్లీ కొలిచాను. అప్పుడు పై నుంచి ఆయన భార్య దిగి వస్తున్నారు. చేతిలో ఏదో పట్టుకుని, ఆయనతో మాట్లాడుతూ. నేను పక్కకి జరిగి గోడకి ఆనుకోబోయి ఆగిపోయాను. మూడో మెట్టు దగ్గర, నడుము ఎత్తున, తెల్లటి సున్నం మీద ఒక మరక. అరచేయి అంత. మిగతా గోడంతా శుభ్రంగా ఉంది. ఆవిడ మాట ఆపకుండానే ఆ మెట్టు దగ్గరికి రాగానే ఖాళీగా ఉన్న చేయి చాచి సరిగ్గా ఆ మరక మీద ఆన్చి, దిగి, వెళ్లిపోయారు. చేయి ఆన్చినట్టు ఆవిడకే తెలియదు.

నేనేమీ అనలేదు. ఆ మరక వైపు చూస్తూ ఉండిపోయాను. ఆయన నా చూపు వెంట చూశారు. కాసేపటికి దగ్గరికి వచ్చి తన అరచేయి ఆ మరక మీద పెట్టారు. సరిపోలేదు, చిన్నది. తీసి చూసుకున్నారు.

"ఎప్పుడూ గమనించలేదండీ" అన్నారు.

ఉత్తర్వు ఆయనకి వ్యతిరేకంగానే వచ్చింది. కానీ రాసేటప్పుడు, మొత్తం మెట్లు పగలగొట్టక్కర్లేదని, కింది మూడు మెట్ల మీద పైపూత సర్ది తేడాని ఎలా పంచొచ్చో, రెండువైపులా చేతికమ్మీ పెడితే ఏమవుతుందో విడిగా రెండు పేరాలు రాశాను. అది మా పని కాదని మా విభాగంలో కొందరన్నారు. నిర్ణయం చెప్పి వదిలెయ్యాలి, దారి చూపించకూడదని. వాళ్లు చెప్పినదాంట్లో న్యాయం ఉంది, మనమే దారి చెప్పి రేపు అది తప్పైతే ఎవరు జవాబుదారీ? అయినా నేను మేడమ్ వైపే ఉన్నాను. ఓడినవాళ్ల కుర్చీలో కూర్చుంటే మొదట వచ్చే ప్రశ్న "ఇప్పుడు నేనేం చెయ్యాలి?" అనే.

బయటివాళ్లు మావన్నీ కొలతల తగాదాలనుకుంటారు. నిజానికి కొలతల గొడవలు త్వరగా తేలతాయి, టేపు అబద్ధం చెప్పదు కదా. ఏళ్లు పట్టేవి మాటల గొడవలు. "తగినంత", "సమంజసమైన", "సాధ్యమైనంత వరకు". కొత్త తరహా నిబంధనలు ఎలా కట్టాలో చెప్పవు, కట్టింది ఏం చెయ్యాలో చెబుతాయి. నీరు లోపలికి వచ్చి నష్టం చెయ్యకూడదు, మంటలొస్తే మనుషులు బయటపడగలగాలి, అంతే. దానివల్ల మంచి ఇంజనీరుకి స్వేచ్ఛ దొరుకుతుంది. ఆ స్వేచ్ఛే ఖర్చు తగ్గించుకోవాలనుకునేవాడికి సందు అవుతుంది. రెండూ నా కళ్లతో చూశాను.

చెమ్మ కేసులు అలాంటివే. న్యూజిలాండ్‌లో 1990ల్లో చూరు లేకుండా, నున్నటి పూత గోడలతో, మందు పట్టించని కలపతో కట్టిన వేల ఇళ్లు లోపల్లోపల కుళ్లిపోయాయి. 2009లో వేసిన ఒక అంచనా ప్రకారం అలాంటి ఇళ్లు సుమారు 42,000, బాగుచెయ్యడానికి 1,130 కోట్ల న్యూజిలాండ్ డాలర్లు. ఆ నివేదికలు చదివాక కూడా నాకు అది అంకెల్లాగే ఉండేది, ఒకరి బాల్కనీ కింద మోకాళ్ల మీద కూర్చునేదాకా. ఆ ఇంటికి ఆఫీసు సర్టిఫికెట్ ఉంది. ఇంటివాళ్లు ఆ కాగితం చూసే కొనుక్కున్నారు. గోడకి బయట చిన్న గీత, అంతే. మీటరు పెడితే కలపలో చెమ్మ 30 శాతం దాటింది. 20 దాటితేనే జాగ్రత్తపడాలి. పూత కాస్త తీసి స్క్రూడ్రైవర్ మొనతో దూలాన్ని మెల్లగా నొక్కాను. పిడి దాకా దిగిపోయింది. బయటికి తీస్తే మొనకి నానిన అట్టలాంటిది అంటుకుని వచ్చింది, బావి అడుగు వాసన. పైన పిల్లల ఆటబొమ్మలున్నాయి. ఇంటావిడ నన్ను "ఏమైందండీ?" అని అడిగితే, ముందు పిల్లల్ని లోపలికి పిలవండి అని మాత్రం అన్నాను.

ఆ సర్టిఫికెట్ ఇచ్చి ఉండకూడదని తేల్చాం. ఉత్తర్వు వెళ్లిన వారం తర్వాత, ఆ కాగితం మీద సంతకం పెట్టిన ఇన్‌స్పెక్టర్ ఫోన్ చేశాడు. కుర్రాడు. అప్పటికి ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాలేదు. తిడతాడేమో అనుకున్నాను. "సార్, ఆ రోజు నేను ఎక్కడ చూసి ఉండాల్సింది?" అని అడిగాడు. గంటసేపు మాట్లాడుకున్నాం. బాల్కనీ గోడని కలిసే చోట, పైపు గోడలోంచి బయటికి వచ్చే చోట, కిటికీ కింది మూల. నీరు ఎప్పుడూ రెండు రకాల పదార్థాలు కలిసే అతుకు దగ్గరే దారి వెతుక్కుంటుంది. అతను రాసుకుంటున్న చప్పుడు ఫోన్లో వినిపించింది.

2017 జూన్ 14 పొద్దున ఆఫీసులో ఎవరూ ఎవరితోనూ మాట్లాడలేదు. లండన్‌లో గ్రెన్‌ఫెల్ టవర్ అనే ఎత్తైన నివాస భవనం అప్పటికింకా కాలుతోంది. ఆ మంటలు 72 మంది ప్రాణాలు తీశాయి. మంట గోడ వెలుపల పైకి ఎలా పాకిందో స్క్రీన్ మీద చూస్తూనే మాకు అర్థమైంది, గోడలకి బయట తొడిగిన, మంటంటుకునే ఆ పలకల సంగతి. మధ్యాహ్నం మేడమ్ వచ్చారు. అప్పటికి ఆవిడ రిటైరై చాలా ఏళ్లైంది. ఎవరూ పిలవలేదు. మాతోపాటు కూర్చుని, 1968 నాటి రోనన్ పాయింట్ ప్రమాదం గురించి చెప్పారు. అదీ లండనే, 22 అంతస్తుల భవనం. 18వ అంతస్తులో వంటగ్యాస్ పేలితే ఒక మూల మొత్తం పేకముక్కల్లా కూలింది, నలుగురు పోయారు. ఒక్క గోడ పోతే భవనమంతా పోకూడదన్న నిబంధన దాని తర్వాతే వచ్చింది. "మన పుస్తకంలో చాలా పేరాల కింద మనుషులున్నారు" అన్నారావిడ. అంతకుమించి ఎవరం ఏమీ అనలేదు. ఆ సాయంత్రం, బయటి పలకలకి సంబంధించి మా దగ్గరున్న ఫైళ్లన్నీ బయటికి తీశాం. రాత్రి చాలా పొద్దుపోయింది.

ఈ ఉద్యోగంలో నన్ను ఇప్పటికీ వదలని ఫైలు ఒకటుంది. ఒక పాత భవనాన్ని ఆఫీసుగా మార్చారు. ముందు మూడు మెట్లు, మొత్తం ఎత్తు 510 మిల్లీమీటర్లు. చక్రాల కుర్చీకి 1:12 వాలుతో, అంటే ఒక వంతు ఎత్తుకి పన్నెండు వంతుల పొడవుతో, ర్యాంపు కట్టాలంటే 6 మీటర్ల పైన కావాలి, అంత చోటు లేదు. పాత భవనాల విషయంలో నిబంధన "సాధ్యమైనంత వరకు" అంటుంది. ప్లాన్లు చూశాం, ఇంజనీరు నివేదిక చూశాం, ఖర్చు చూశాం. వెనకవైపు సరుకులు దించే గుమ్మం నుంచి దారి ఇస్తే చాలని తేల్చాం. చట్టప్రకారం అందులో తప్పేమీ లేదు, ఎవరూ అప్పీలుకి వెళ్లలేదు కూడా.

నెల తర్వాత ఉత్తరం వచ్చింది. ఆ భవనంలో పనిచేసే ఒకావిడ, చక్రాల కుర్చీలో తిరిగే మనిషి. గొడవలో ఆవిడ పార్టీ కాదు, అందుకని మేం ఆవిణ్ని ఏమీ అడగలేదు. "మీరు వెనక గుమ్మం దారి చూశారు. అందులోంచి రోజూ ఒకరిని పిలిచి తలుపు తీయించుకుని వెళ్లడం ఎలా ఉంటుందో మీలో ఒక్కరైనా చూశారా?" అని రాశారు. చూడలేదు. నేను సైట్‌కి వెళ్లినప్పుడు ముందు మెట్లెక్కి లోపలికి వెళ్లాను, వెనక గుమ్మాన్ని లోపల్నుంచి కొలిచి వచ్చేశాను. ఓడినవాళ్ల కుర్చీ అని అన్నేళ్లు చెప్పుకున్నాను. ఆ గదిలో ఆవిడకి అసలు కుర్చీయే వెయ్యలేదు. జవాబు రాయడానికి మూడు రోజులు పట్టింది. క్షమాపణ చెప్పాను. ఉత్తర్వు మార్చే అధికారం నాకు లేదు. ఆ తర్వాత ర్యాంపులు, లిఫ్టులు, బాత్రూముల కేసు ఏదొచ్చినా, ఆ దారిని రోజూ వాడే మనిషి లేకుండా సైట్‌కి వెళ్లలేదు. ముందు మెట్ల పక్కన నిలువుగా లేచే చిన్న లిఫ్టు ఒకటి పెట్టొచ్చని కూడా అలాంటి ఒక విజిట్‌లోనే, వేరే భవనం దగ్గర తెలుసుకున్నాను. అది ముందే తెలిసుంటే ఆవిడ ముందు గుమ్మంలోంచే వెళ్లేవారు.

బాబిలోనియా రాజు హమ్మురాబి శాసనంలో ఒక మాట ఉంది, దాదాపు 3,750 ఏళ్ల కిందటిది. కట్టిన ఇల్లు కూలి యజమాని చనిపోతే కట్టినవాడికి మరణశిక్ష అన్నది అందరూ చెప్పుకుంటారు. దానికి కాస్త కింద ఇంకొకటుంది: గోడ ఒరిగితే, కట్టినవాడు తన సొంత వెండితో దాన్ని గట్టిపరచాలి. నాకు ఆ రెండోదే ఎక్కువ ఇష్టం. శిక్ష గురించి కాక గోడ గురించి ఆలోచించినవాళ్లు రాసిన మాట అది.

నా ఆఖరి వారంలో చెక్క బంతిని మా విభాగంలో కొత్తగా చేరిన అమ్మాయి బల్ల మీద పెట్టాను. ఆఖరి ఫైలు ఇద్దరు ఇరుగుపొరుగువాళ్ల మధ్య ఉన్న గోడ గురించి. ఒకరు నేల ఎత్తు పెంచితే రెండోవాళ్ల వైపు గోడ ఒరిగింది. డ్రాఫ్ట్ పూర్తిచేసి ఆ అమ్మాయికి ఇచ్చాను. నా బల్లకి ఎదురుగా ఉన్న కుర్చీలో కూర్చుని పెన్సిల్ పట్టుకుని చదవడం మొదలుపెట్టింది. నేను కాగితాలు సర్దుకుంటూ ఓరగా చూస్తున్నాను. పేజీలు తిరుగుతున్నాయి. ఒకచోట ఆగింది. వెనక్కి తిప్పింది, మళ్లీ ముందుకి వచ్చింది.

"సార్, ఈ పద్నాలుగో పేరాలో నన్ను ఎందుకు కాదన్నారో నాకు అర్థం కాలేదు" అంది.

తీసుకుని చదివాను. నిజమే. కూర్చుని మళ్లీ రాశాను.